ఎట్లున్నది సినిమా?

దసరా సెలవులు ముగిసి బడి తెరచిన నాడు పాఠములు సాగవు. ఈ సంగతి ఉపాధ్యాయులందరు ఎరిగినదే. హాజరు పిలిచిన పది నిమిషములలో తరగతి గది ముచ్చట్లతో నిండిపోవును. ఎవరు ఏ చుట్టముల ఊరికి పోయి వచ్చిరి, ఏ వాడలో బతుకమ్మను ఎంత ఎత్తు పేర్చిరి, జమ్మి ఆకు పెట్టి ఎవరు ఎవరి కాళ్లు మొక్కిరి - ఇవన్నియు త్వరగానే ముగియును. ముగియని ప్రశ్న ఒక్కటే: "ఏ సినిమా చూసినవ్ రా? ఎట్లున్నది?"

శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ఊరిలో ఈ ప్రశ్న బడి గోడల మధ్యనే ఆగిపోదు. షిఫ్టు దిగి వచ్చి ఛాయ హోటలు బల్లపై కూర్చున్నవారి నోట, సాయంకాలము కాలనీ క్వార్టర్ల ముందర చేరు స్త్రీల నోట, మంచిర్యాలకు పోవు ఆటోలో, ఉపాధ్యాయుల గదిలో అదే ప్రశ్న వినవచ్చును. జవాబులు కూడ ఇంచుమించు ఒక్క తీరుననే ఉండును. "బాగున్నది." "మంచిగనే ఉన్నది." "టైంపాస్." "బేకార్." వందలమంది నెలల తరబడి పడిన శ్రమపై తీర్పు ఇంతటితో ముగిసినది.

ఈ నాలుగు మాటలను చూచి నవ్వుటకు నేను పూనుకొనలేదు. సెలవులలో మనుష్యుడు అలసట తీర్చుకొనుటకు సినిమాకు పోవును గాని విమర్శ వ్రాయుటకు పోడు. ఆరు దినములు భూగర్భమున పనిచేసినవాడు ఏడవనాడు చల్లని చీకటిలో మూడు గంటలు కూర్చుండి "మంచిగనే ఉన్నది" అనినచో అది చాలును. నన్ను ఆలోచింపజేయునది మరొకటి. ఈ "బాగున్నది" అను మాట చూచినవాని మనస్సులో పుట్టుచున్నదా, లేక అతడు టికెట్ కొనక ముందే ఎవరో దానిని అతని నోటిలో పెట్టుచున్నారా?

తెలుగు చిత్ర వ్యాపారమునకు అన్నిటికంటె పెద్ద పండుగ సంక్రాంతి. కోస్తా జిల్లాలలో కొత్తపంట ఇంటికి వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడు కాలమది. పేరుగల నటుల చిత్రములు అప్పుడే ఒకదానినొకటి త్రోసికొనుచు వచ్చును. మన ప్రాంతమున బడికి దీర్ఘముగా సెలవులు వచ్చునది దసరాకు. 2025లో సెప్టెంబరు 21 నుండి అక్టోబరు 3 వరకు ఇచ్చిరి. సింగరేణి కార్మికునకు దసరా మరింత పెద్ద పండుగ. సంస్థ లాభములలో వాటా ఆ రోజులలోనే చేతికి అందును. 2023-24 లాభములనుండి 33 శాతము, అనగా 796 కోట్ల రూపాయలు, 2024 దసరా వేళకు కార్మికులకు ప్రకటింపబడినవి. పిల్లలకు కొత్త బట్టలు, ఇంటికి ఒక వస్తువు, అందరికి ఒక సినిమా - గనుల కుటుంబములలో పండుగ లెక్క ఇట్లు నడచును. 2025లో ఆ లెక్కలోనికి సెప్టెంబరు 25న "ఓజీ", అక్టోబరు 2న "కాంతార చాప్టర్ 1" వచ్చి చేరినవి.

ఇక అభిప్రాయముల సంగతి. 2025 సంక్రాంతి తరువాత పదవ తరగతి బాలుడొకనిని "సంక్రాంతికి వస్తున్నాం" ఎట్లున్నదని అడిగితిని. "మూడు వందల కోట్లు దాటింది సార్" అని వెంటనే చెప్పినాడు. కథ ఏమని అడుగలేదు, నటులెవరని అడుగలేదు. వాడు తనంతట చెప్పినది మాత్రము వసూలు. ఆ చిత్రము మూడు వందల కోట్లకు పైగా తెచ్చినదని నిర్మాతలు ప్రకటించిన మాట నిజమే. వాని వెనుక నిలిచియున్న తండ్రి నవ్వి, "అండ్ల మనకేమన్న వాటా ఉన్నదా బిడ్డా?" అన్నాడు. లాభములలో వాటా అను మాటకు అర్థమెరిగిన గని కార్మికుడు గనుకనే ఆ ప్రశ్న వేయగలిగినాడు.

ఒకప్పుడు నూరు దినములు ఆడినదా, రజతోత్సవము జరిగినదా అని అడుగుచుండిరి. అదియును లెక్కయే. కాని ఆ లెక్క తేలుటకు నూరు దినములు పట్టుచుండెను. ఆలోగా చూచినవారు చూచి, తమలో తాము వాదించుకొని, ఒక నిశ్చయమునకు వచ్చుచుండిరి. ఇప్పుడు లెక్క మరునాటి ఉదయమే రంగుల కాగితముపై అచ్చువేయబడి చేతి ఫోనులోనికి వచ్చుచున్నది. అదే సంక్రాంతికి "గేమ్ చేంజర్" మొదటి దినమే 186 కోట్లు తెచ్చినదని నిర్మాతలు ప్రకటించిరి. వ్యాపారవర్గములలోనే అనేకులు దానిని నమ్మలేదు. ఆ నమ్మకము, అపనమ్మకము రెండును మన పిల్లల వాదములలోనికి దిగినవి. ఇద్దరు విద్యార్థులు ఒక చిత్రమును గూర్చి అరగంట పోట్లాడుదురు. వారిలో ఒక్కడైనను ఆ చిత్రములోని ఒక దృశ్యమును పేర్కొనడు. అంతయు అంకెలే. గణితములో ఇంత శ్రద్ధ చూపినచో మన ఉత్తీర్ణత శాతము ఎంత బాగుండెడిదో!

మొదటి ఆట చూడవలెనను ఆతురత ఇంకొక సంగతి. ముందుగా చూచినవాడే ముందుగా చెప్పగలడు. ముందుగా చెప్పినవాని మాటయే చెల్లుబాటగును. ఈ ఆతురత ఎంత దూరము పోగలదో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్యా థియేటరు వద్ద తెలిసినది. "పుష్ప 2" విడుదలకు ముందటి ప్రదర్శన అది. తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణము విడిచినది. ఆమె కుమారుడు, బడికి పోవు వయస్సువాడు, తీవ్రముగా గాయపడినాడు. ఇకమీదట బెనిఫిట్ షోలకు అనుమతి ఇవ్వబోమని ముఖ్యమంత్రి ఆ నెలలోనే శాసనసభలో పలికిరి. తరువాతి నెలలో "గేమ్ చేంజర్"కు తెల్లవారుజాము ఆటకు అనుమతి వచ్చినది. హైకోర్టు ప్రశ్నించిన పిమ్మట ప్రభుత్వము ఆ అనుమతిని వెనుకకు తీసికొన్నది.

తమిళ నిర్మాతలు వేరొక మార్గము త్రొక్కిరి. చిత్రము విడుదలయైన మొదటి మూడు దినములు సమీక్షలను నిషేధింపవలెనని 2024లో మద్రాసు హైకోర్టుకు పోయిరి. మధ్యంతర నిషేధమునకు న్యాయస్థానము సమ్మతింపలేదు. అది సరియే అని నాకు తోచును. "బాగులేదు" అనుటకు మూడు దినములు ఆగుమనువారు "బాగున్నది" అనుటకు మూడు నెలల ముందునుండియే ఊరంత ప్రకటనలు అంటించుచున్నారు గదా.

మన ప్రజలు స్వంతముగా తీర్పు చెప్పలేరా? చెప్పగలరని, ఎంతో చక్కగా చెప్పగలరని, 2023 వసంతమున నాకు రెండు మారులు ఋజువైనది. రెండును మన నేలను గూర్చిన చిత్రములు కావుటయే అందులకు కారణము.

మొదటిది "బలగం". మార్చి 3న విడుదలయైనది. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల ప్రాంతమువాడు. కథ ఎంత చిన్నదనగా, కొమురయ్య అను ముసలివాడు చనిపోవును. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మూడవనాడు ముట్టదు, ఐదవనాడు ముట్టదు. ఎందుకు ముట్టలేదని ఊరంత తర్కించును. ఇరువది యేండ్ల క్రిందట ఒక విందులో నల్లిబొక్క దగ్గర పుట్టిన పంతమువలన కూతురు పుట్టింటికి దూరమైనది, అన్నదమ్ములు విడిపోయిరి. ఇంతే. ఇందులో యుద్ధము లేదు, విదేశము లేదు, ఎగురు వాహనములు లేవు. మన ఇండ్లలో జరిగినదే జరిగినది.

ఆ చిత్రము వచ్చిన నెలలో శ్రీరాంపూర్ కాలనీలలో వినవచ్చిన మాటలలో "బాగున్నది" అను మాట చాల తక్కువ. "మా మామ సచ్చినప్పుడు గిట్లనే అయింది." "మా పెద్దన్న ఇంటికి పోక తొమ్మిదేండ్లాయె." "మా ఆయన గూడ గంతే, ఒక్క మాట పట్టుకొని కూసుంటడు." ఇవి చిత్రమును గూర్చిన మాటలా, తమ బ్రతుకును గూర్చిన మాటలా అని వేరుచేయుట కష్టము. విమర్శకుని పని సగము వారే చేసిరి. ఆ ఎండకాలము తెలంగాణ గ్రామములలో పంచాయతీల ముందర తెరలు కట్టి జనమంతయు ఒక్కచోట కూర్చుండి ఆ చిత్రమును చూచిరి. దానిని చూచి విడిపోయిన అన్నదమ్ములు కలసికొనిరని పత్రికలు వ్రాసినవి.

చివరి పాటను పాడినవారు బుడగ జంగాల కళాకారులైన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. చావు ఇంటిముందర పాడు పాట మనకు కొత్త కాదు. థియేటరులో దానిని వినుట కొత్త. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూసినాడు. 2023 చిత్రములకు ఇచ్చిన 71వ జాతీయ పురస్కారములలో ఉత్తమ గీత రచయితగా కాసర్ల శ్యామ్ ఈ చిత్రమునకే గౌరవింపబడినాడు.

అయినను ప్రశంసలతో సరిపెట్టుట న్యాయము కాదు. మా ఉపాధ్యాయుల గదిలో ఒక టీచరమ్మ అన్న మాట నాకు చిత్రముకంటె ఎక్కువ కాలము గుర్తున్నది. "అందరు ఏడ్చి కలిసిన్రు, మంచిదే సారూ. పన్నెండోనాడు ఏమైంది? ఆడిబిడ్డకు ఇరువై యేండ్ల పుట్టిల్లు ఎవలు తిరిగిస్తరు?" ఇది కదా విమర్శ! కన్నీటితో కథను ముగించుట దర్శకునకు సులభము. ఆ కన్నీరు ఆరిన తరువాత ఆస్తి, మాట, మర్యాద అను చిక్కులు ఎక్కడివక్కడనే ఉండును. చిత్రము ఆ గడప దాటలేదు. దాటలేదని గుర్తించినది పత్రికలో వ్రాయు పండితుడు కాడు. ఇంటి పని ముగించుకొని భర్తతోను పిల్లలతోను కలసి ఒక్కమారు చూచివచ్చిన ప్రేక్షకురాలు.

రెండవ చిత్రము పేరే "దసరా". శ్రీరామనవమి నాడు, మార్చి 30న వచ్చినది. శ్రీకాంత్ ఓదెలకు దర్శకుడుగా అది మొదటి చిత్రము. సింగరేణి గనుల దాపున వీర్లపల్లి అను కల్పిత గ్రామము. కథానాయకుడు ధరణి రైలుబండినుండి బొగ్గు దొంగిలించు యువకుడు. ఊరినడుమ సిల్క్ బార్. ఆ బారు చుట్టు కులము, ఎన్నిక, పగ. నాని, కీర్తి సురేష్ ఇద్దరును మన యాసలో మాట్లాడిరి. ఒకప్పుడు ఈ యాసను హాస్యగానికో ప్రతినాయకునకో వదలివేసిన తెరపైన, 2017లో "ఫిదా" నాయిక దానిని ధైర్యముగా పలికిన తరువాత, ఇప్పుడు నాయకుడే పలుకుట చిన్న సంగతి కాదు. థియేటరులో పిల్లల ఆనందమునకు మేర లేకపోయెను.

కాని బయటికి వచ్చిన తరువాత పెద్దలలో వాదము పుట్టినది. గనిలో ముప్పది యేండ్లు పనిచేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి కోపగించి, "మా బతుకంటె తాగుడేనా? తట్ట, చెమ్మస్ పట్టుకొని బొగ్గు ఎత్తినోళ్లం. అది ఏడ చూపిండు?" అన్నాడు. అతని మాటలో న్యాయమున్నది. బొగ్గు ధూళి ఆ చిత్రమునకు రంగు ఇచ్చినది. మసిపట్టిన ముఖములు, నల్లని నేల, వాటి నడుమ ఎర్రని మంట కన్నులను ఆకర్షించును. గనిలోనికి దిగువాని పని మాత్రము కథావస్తువు కాలేదు. చుట్టు నీరు కారు గోడలు, తలపైని కప్పు చేయు చప్పుడు, షిఫ్టు ముగిసి ఇంటికి ఇంకను రాని మనిషికై ద్వారమువైపు చూచు ఇల్లాలు - ఇవి ఏ తెలుగు చిత్రము కొరకో ఇంకను వేచియున్నవి.

పక్కనున్న యువకుడు ఊరుకొనలేదు. అతడు కూడ గని కార్మికుని కుమారుడే. "తాగుడు లేదందామా పెద్దయ్యా? మా బాపు జీతం ఎటువోయిందో మా అవ్వను అడుగు" అన్నాడు. పెద్దమనిషి మాట్లాడలేదు. ఇద్దరిలో ఎవరు చెప్పినది సరియైనదని నన్ను అడిగినచో, ఇద్దరిదియు సరియైనదే అందును. చిత్రము చూపినది అబద్ధము కాదు. చూపక వదలినది చాల ఉన్నది.

ఆ చిత్రమును గూర్చియే తొమ్మిదవ తరగతి బాలిక వేసిన ప్రశ్న మరొకటి. పెండ్లియైన రాత్రియే వెన్నెల భర్త హతుడగును. ఆమె విధవ కాకూడదని ధరణి అందరి ముందర తాళి కట్టును. థియేటరులో ఈలలు వేసిన దృశ్యమది. "ఆమెను అడగకుండ తాళి ఎట్ల గడతడు సార్?" అని ఆ పిల్ల అడిగినది. తరగతిలోని మగపిల్లలు నవ్విరి. కొంతసేపటికి నవ్వు ఆగినది. నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన జవాబు ఆ ప్రశ్నలోనే ఉన్నది.

ఇట్టి ప్రశ్న "ఓజీ" చూచినవారినుండి రాలేదు. పెద్ద నటుని చూచుటకై పోయిరి, చూచిరి, వచ్చిరి. దానిపై నాకును చెప్పవలసినది అంతగా లేదు. అదే సెలవులలో చూచిన "కాంతార చాప్టర్ 1" మాత్రము ఒక విచిత్రమైన పని చేసినది. అది కన్నడ చిత్రము. తుళునాటి దైవారాధనను గూర్చినది. మనవారు తెలుగు అనువాదములో చూచిరి. చూచి వచ్చిన విద్యార్థి ఒకడు, "మన గుస్సాడీ మీద సినిమా ఎందుకు రాదు సార్?" అన్నాడు. వాని మేనమామ ఊరు ఉట్నూరు వైపు. దీపావళి దినములలో రాజగోండుల దండారి, నెమలి ఈకల కిరీటములతో గుస్సాడీల ఆట వాడు కన్నులార చూచినవాడు. ఎక్కడి తుళునాడు, ఎక్కడి ఆదిలాబాదు! పరుల దేవత పూనకమును తెరపై చూచి తన ఇంటి వెనుక అడవిలోని ఆట గుర్తుకు వచ్చినది. గుస్సాడీ కళకు పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు 2024 అక్టోబరులో మరణించిన సంగతి వానికి తెలియదు. ఆ దినము చెప్పితిని.

మార్లవాయి పేరు వచ్చినది గనుక ఇంకొక మాట. కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద నిజాము పోలీసుల తుపాకులకు బలియైన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను పండితుని నియమించినది. ఆయన మార్లవాయిలో నివసించినాడు. గోండు ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణ కేంద్రము 1943లో అక్కడ వెలసినది. మన జిల్లా పిల్లలలో అనేకులకు భీము అనగా 2022లో వచ్చిన "ఆర్.ఆర్.ఆర్."లో ఢిల్లీ నగరమున పులులతో పోరాడిన వీరుడే. దర్శకుడు అది కల్పన అని ముందే చెప్పినాడు. అతనిని నిందించుటకు వీలులేదు. భీమును అల్లూరి సీతారామరాజుతో కలుపుట వినోదమునకు బాగున్నది. జోడేఘాట్ పోరాటము నీటికి, అడవికి, భూమికి సంబంధించినదని, దాని ఫలితముగా ఒక బడి పుట్టినదని చెప్పు బాధ్యత చిత్రమునకు లేదు. తరగతి గదికి ఉన్నది. "ఆర్.ఆర్.ఆర్. ఎట్లున్నది?" అని పిల్లవాడు అడిగిన క్షణముకంటె ఆ మాట చెప్పుటకు మంచి సమయము దొరకదు.

సినిమా ముచ్చట బడికి తగదని తలచు ఉపాధ్యాయులు ఇప్పటికిని ఉన్నారు. వారికి ఒక్క సంగతి జ్ఞాపకము చేయుదును. కొడవటిగంటి కుటుంబరావుగారు కథలు, నవలలు వ్రాసిన కలముతోనే సినిమాలను గూర్చి కూడ విరివిగా వ్రాసిరి. అది తమ స్థాయికి తగని పని అని ఆయన తలంపలేదు.

క్రిందటి దసరా సెలవుల తరువాత నేను ఎనిమిదవ తరగతిలో ఒక చిన్న పని ఇచ్చితిని. చూచిన చిత్రమును గూర్చి అర పుట వ్రాయవలెను. "బాగున్నది", "బాగులేదు" అను మాటలు, కోట్ల లెక్క, నటుని బిరుదు వ్రాయరాదు. మొదట కలములు కదలలేదు. ఆ మాటలు తీసివేసిన తరువాత వ్రాయుటకు ఏమి మిగిలినదో పిల్లలకు తోచలేదు. పిమ్మట ఒక్కొక్కరు మొదలుపెట్టిరి. ఒకడు పోరాట దృశ్యములో వెనుక నిలిచియున్న వంటవానిని గూర్చి వ్రాసినాడు. ఒకడు టికెట్ ధర ఎంతయో, ఆ డబ్బుతో ఇంటిలో ఎన్ని దినముల పాలు వచ్చునో లెక్కకట్టినాడు. కోట్ల లెక్క వద్దంటిని గాని ఈ లెక్క వద్దనలేదు గదా, ఒప్పుకొంటిని.

ఒక బాలిక కాగితములో చిత్రము పేరు కూడ లేదు. వాళ్ల బాపు రాత్రి షిఫ్టు దిగి నిద్రలేకయే వారిని మంచిర్యాలకు మధ్యాహ్నపు ఆటకు తీసికొనిపోయినాడట. దీపములు ఆరిన కొంతసేపటికే అతడు కుర్చీలో నిద్రపోయినాడు. తెరపైన తుపాకులు పేలినను లేవలేదు. విశ్రాంతి సమయమున తల్లి లేపబోగా ఈ పిల్లయే వద్దన్నది. ఇంటికి పోవునప్పుడు ఆటోలో పక్కింటివారు "సినిమా ఎట్లున్నది?" అని అడుగగా, "మస్తున్నది" అని బాపు చెప్పినాడట.